బోల్టు దొరుకుతుంది, పూచీ ఎవరిది?

కిందటి ఆషాఢంలో మా అక్క కొడుకు ఒడిశాలోని మా ఊరు సునాబెడ వచ్చాడు. వచ్చిన సాయంత్రమే బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. లోపల వేలెడంత బోల్టు, దాని మెడకి దారంతో కట్టిన ఎర్ర ట్యాగు. "మావయ్యా, ఇలాంటివి నాలుగు కావాలి. నీకు తెలిసినవాళ్లెవరైనా చేసిపెడతారా?" అన్నాడు.

వాడు దూరంగా ఒక గ్లైడింగ్ క్లబ్బులో టెక్నీషియన్‌గా చేరి రెండేళ్లయింది. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. వించితోనో (నేల మీద తాడు చుట్టి లాగే యంత్రం) మరో విమానంతోనో లాగి పైకి వదిలితే, వేడిగాలి లేచే చోట్లు వెతుక్కుంటూ గంటల తరబడి గాల్లో ఉంటుంది. వాళ్ల దగ్గర నలభై ఏళ్లు దాటిన రెండు సీట్ల ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ఒకటుంది. ఏటా చేసే తనిఖీలో, తోక దగ్గరి అడ్డరెక్కను పట్టి ఉంచే బోల్టు అరిగిందని తీసేశారు. కొత్తది రావడానికి నెలలు పట్టేలా ఉంది. అప్పటిదాకా గ్లైడర్ హ్యాంగరు దాటదు. మావయ్యది విమాన ఇంజన్ల ఊరు కదా, అక్కడే చేయించేద్దామని వాడి ఆశ.

మర్నాడు ఇద్దరం దగ్గర్లోని జయపురం వెళ్లాం. మెయిన్ రోడ్డు వెనక వీధిలో నాకు పాతికేళ్లుగా తెలిసిన లేత్ షాపు ఉంది. మిస్త్రీ బోల్టును వేళ్ల మధ్య దొర్లించి చూసి, వెర్నియర్ పెట్టి కొలిచి, "అరగంట పని బాబూ. ఈఎన్ ఎయిట్ రాడ్డు ఉంది, అందులో తీసేస్తాను" అన్నాడు. ఈఎన్ ఎయిట్ అంటే బజార్లో దొరికే ఒక రకం స్టీలు. అతను చేస్తానన్నాడంటే చేస్తాడు. కొలత వెంట్రుకవాసి తేడా రాదు.

నేనే వద్దన్నాను. మేనల్లుడి ముఖం చిన్నబోయింది. తిరిగి ఘాట్ రోడ్డెక్కేటప్పుడు వాడు ఒకటే ప్రశ్న వేశాడు: "అదే సైజు, అదే ఇనుము. తేడా ఏంటి మావయ్యా?" ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ముందు నా సంగతి ఒక మాట. 1960లలో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) వాళ్ల మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ కోరాపుట్ జిల్లాకి వచ్చినప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి చేరాయి. మాదీ అందులో ఒకటి. మా నాన్న తరవాత నేనూ ఇన్‌స్పెక్షన్‌లోనే పనిచేసి రిటైరయ్యాను. ఈ ఊళ్లో పెరిగిన పిల్లలకి ట్యాగు, స్టాంపు, రిజెక్షన్ అనేవి ఇంట్లో మాటలే. నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది: ట్యాగు తెగిపోయిన ముక్క మిలమిలా మెరుస్తున్నా స్క్రాపే. ఎందుకంటే ఆ క్షణం నుంచి దాని గురించి ఎవరూ ఏమీ ఖాయంగా చెప్పలేరు.

బోల్టులో మన కంటికి కనిపించేది ఆకారం. లేత్ ఇవ్వగలిగేది అంతే. ఆ రాడ్డు ఏ కొలిమిలో కరిగింది, అందులో కార్బన్ ఎంత, ఎంత వేడిలో కాల్చి ఎలా చల్లార్చారు, తరవాత టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడి చేయడం) చేశారా లేదా, ఇవేవీ రాడ్డు మీద కనపడవు. చివర పూసిన రంగు తప్ప ఇంకో ఆనవాలు లేదు. పేరున్న స్టీలు మిల్లు నుంచి వచ్చిన సరుక్కి ఏ విడతలో కరిగిందో చెప్పే హీట్ నంబరు ఉంటుంది, టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది. కానీ ఆ రాడ్డు డీలరు దగ్గర నాలుగు ముక్కలై, జయపురంలో షాపు మూలకి చేరేసరికి ఆ కాగితం ఎక్కడో ఆగిపోతుంది.

ఇక మర, అంటే బోల్టు మీద చుట్లు చుట్లుగా ఉండే గాడి. లేత్ మీద మర కోస్తారు. విమానాల బోల్టులకి ఎక్కువగా మరను రోలింగ్ చేస్తారు, అంటే లోహాన్ని కోయకుండా అచ్చుల మధ్య నొక్కి వరసలు తేలుస్తారు. కోసినప్పుడు లోహం లోపలి పొరలు తెగిపోతాయి. నొక్కినప్పుడు అవి మర వంపుల వెంట వంగుతాయి. మర గాడి అడుగున ఉండే సన్నటి మూలే పగులు మొదలయ్యే చోటు. ఒక్కసారి గట్టిగా లాగితే తెగకుండా ఆపే బలం వేరు, లక్షసార్లు చిన్నచిన్నగా ఊగినా తెగకుండా ఆపే బలం వేరు. గాల్లో తోక చేసేది రెండో పని.

మా వాడు మధ్యలో అందుకుని, "అయితే ఇంకా గట్టి బోల్టు వేసేద్దాం, పన్నెండు పాయింట్ తొమ్మిది!" అన్నాడు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. హార్డ్‌వేర్ షాపులో బోల్టు తల మీద ఉండే 8.8, 10.9, 12.9 అనే అంకెల్లో మొదటిది తెగే బలాన్ని చెబుతుంది. ఎనిమిది అంటే 800 మెగాపాస్కల్‌లు, పన్నెండు అంటే 1200. విమానాల్లో అమెరికా ఏఎన్ ప్రమాణం ప్రకారం వాడే మామూలు స్టీలు బోల్టు బలం చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు. మన లెక్కలో దాదాపు 860 మెగాపాస్కల్‌లు. అంటే 8.8 కంటే కాస్త ఎక్కువ, 10.9 కంటే తక్కువ. విమానం డిజైన్ చేసినవాళ్లు 12.9 వేయలేక కాదు, వేయకూడదనే వేయలేదు. స్టీలు గట్టిపడే కొద్దీ పెళుసుదనం పెరుగుతుంది. తుప్పు పట్టకుండా దానికి ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే, ఆ పనిలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే బోల్టును పొయ్యిలో పెట్టి ఆ హైడ్రోజన్‌ని బయటికి తోలాలి. అలా చేయకపోతే బిగించిన రోజున బాగానే ఉండి, తరవాత ఎప్పుడో ఏ హెచ్చరికా లేకుండా తల ఊడిపోవచ్చు.

గట్టిదైతే మంచిదనే నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి గ్లైడర్‌లోనే చక్కటి ఉదాహరణ ఉంది. లాగే తాడుకీ గ్లైడర్‌కీ మధ్య వీక్ లింక్ అనే చిన్న లోహపు ముక్క పెడతారు. తాడు మీద భారం హద్దు దాటితే గ్లైడర్ విరగకుండా ఆ ముక్క ముందు తెగాలి. జర్మనీలో టోస్ట్ కంపెనీ చేసేవి రంగుల్లో వస్తాయి. నలుపుది 1000 డెకాన్యూటన్లు, అంటే రమారమి టన్ను బరువు. గోధుమ రంగుది 850, ఎరుపు 750, నీలం 600, తెలుపు 500. ఏ గ్లైడర్‌కి ఏ రంగో దాని మాన్యువల్లో ఉంటుంది. ఆ ముక్క విలువంతా అది సరిగ్గా ఎక్కడ తెగుతుందన్న దాంట్లోనే ఉంది. రేకు కోసి దానిలాగే ఇంకోటి చేస్తే ఆకారం వస్తుంది, ఆ అంకె రాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తే, విమానం విడిభాగం విషయంలో అడగాల్సిన ప్రశ్న 'ఇది బాగుందా' అన్నది కాదు. 'దీనికి పూచీ ఎవరిది' అన్నది. బ్యాంకు అప్పుకి జామీను సంతకం పెట్టినట్టు, ఆ ముక్క ఫలానా డిజైన్ ప్రకారమే ఉందని పేరు పెట్టి, నంబరు వేసి, సంతకం చేసేవాళ్లు కావాలి. పాత గ్లైడర్‌కి పార్టు వెతకడమంటే ఆ సంతకందారుని వెతకడమే.

ప్రతి రకం గ్లైడర్‌కీ ఒక టైప్ సర్టిఫికెట్ ఉంటుంది. ఈ డిజైన్ ఎగరడానికి పనికొస్తుందని ఒక దేశపు విమానయాన సంస్థ ఇచ్చిన అంగీకారం అది. అది ఎవరి పేరు మీద ఉందో వాళ్లే ఆ డిజైన్‌కి బాధ్యులు. డ్రాయింగులు వాళ్ల దగ్గరే ఉంటాయి. కాబట్టి మొదటి పని హ్యాంగర్లో ఉన్న గ్లైడర్ టైప్ సర్టిఫికెట్ ఇవాళ ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం. కట్టిన కంపెనీయే ఇంకా నడుస్తుంటే అదృష్టం. జర్మనీలో ష్లైకర్ వాళ్ల ఏఎస్‌కే 21 గ్లైడర్ తొలిసారి 1970ల చివర్లో ఎగిరింది, దానికి ఇప్పటికీ తయారీదారు అండ ఉంది. కంపెనీ ఆ పని మానేసినా దిక్కు లేకుండా పోదు. గ్రోబ్ గ్లైడర్లు కట్టడం ఆపేసి చాలా ఏళ్లయింది, వాటి బాధ్యత లిండ్నర్ అనే మరో జర్మన్ సంస్థ తీసుకుంది. గ్లాస్‌ఫ్లూగెల్ వాళ్ల పాత రకాలకి ష్ట్రైఫెనెడర్ సంస్థ ఉంది. పేరు మారినా పూచీ బతికే ఉంటుంది. పాత కంపెనీ చిరునామాకి ఉత్తరాలు రాసి జవాబు రాలేదని దిగులుపడేవాళ్లు ముందు ఈ వారసులెవరో వెతకాలి.

ఏ వారసుడూ లేని గ్లైడర్లూ ఉన్నాయి. వాటిని యూరప్‌లో అనాథ విమానాలనే అంటారు. వాటి ఎయిర్‌వర్దీనెస్ (ఎగరడానికి తగిన స్థితి) బాధ్యతను అక్కడి విమానయాన సంస్థ ఈయాసా ఒక ప్రత్యేక నిర్దేశ పత్రం ద్వారా తానే కొంతవరకు మోస్తుంది. కానీ ఆ సంస్థ బోల్టులు చేసి పంపదు కదా. అనాథ గ్లైడర్‌కి పార్టు కావాలంటే అసలు డ్రాయింగు సంపాదించి, అనుమతి ఉన్న డిజైన్ సంస్థతోనో తయారీ సంస్థతోనో చేయించాలి. ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు.

పూచీ కాగితం రూపంలో ఎలా ఉంటుందో చూద్దాం. యూరప్‌లో దాన్ని ఈయాసా ఫారం 1 అంటారు, అమెరికాలో 8130-3, మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పద్ధతిలో సీఏ ఫారం 1. మన సీఏఆర్-21, సీఏఆర్-ఎం, సీఏఆర్-145 నిబంధనలు యూరప్ నమూనా మీదే నడుస్తాయి కాబట్టి, ఒకటి చదవడం వస్తే మిగతావీ అర్థమవుతాయి. ఒక్క పేజీ కాగితం. పార్టు పేరు, పార్టు నంబరు, ఎన్ని, సీరియల్ నంబరు లేదా బ్యాచ్ నంబరు, దాని స్థితి. స్థితి గడిలో కొత్తదా, ఓవర్‌హాల్ చేసిందా, రిపేరు చేసిందా, తనిఖీ మాత్రమే చేసిందా అని ఒక్క మాట ఉంటుంది. పక్కన వివరాల గడి. అడుగున ఎడమ వైపు సంతకం ఉంటే కొత్తగా తయారు చేసిన సరుకు, కుడి వైపు ఉంటే వాడి, మెయింటెనెన్స్ చేసి విడుదల చేసిన సరుకు. మా వాడికి ఈ ఎడమ కుడి తేడా తెలీదు. రెండేళ్లుగా ఆ ఫారాలు ఫైల్లో పెడుతూనే ఉన్నాడు. నేర్పాల్సినవాళ్లు నేర్పలేదు, పిల్లాడి తప్పు కాదు.

ఆ కాగితం మీదే ఇంకో హెచ్చరిక అచ్చయి ఉంటుంది: ఈ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన పార్టును బిగించే అధికారం దానంతటది రాదని. అంటే ఫారం వచ్చాక కూడా, ఇది నా గ్లైడర్‌కి, ఈ సీరియల్ నంబరుకి, ఈ రోజున సరిపోతుందా అని చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే ఇంజినీరు పూచీ వేరే ఉంది. మొదటి సంతకం పార్టుకి, రెండోది బిగింపుకి. రెండూ కలిస్తేనే గ్లైడర్ బయటికి వస్తుంది.

అన్నిటికీ ఫారం 1 కావాలా అంటే, అక్కర్లేదు. ఇది తెలియక క్లబ్బులు అనవసరంగా టెన్షన్ పడతాయి. ఏఎన్, ఎంఎస్ లాంటి అమెరికా ప్రమాణాలకీ, డీఐఎన్, ఎల్‌ఎన్ లాంటి జర్మన్ ప్రమాణాలకీ తయారైన బోల్టులు, నట్లు, వాషర్లు స్టాండర్డ్ పార్టులు. వాటి డిజైన్ అందరికీ తెలిసిందే కాబట్టి, ఫలానా ప్రమాణం ప్రకారం చేశామని చెప్పే కన్ఫార్మిటీ సర్టిఫికెట్ ఉంటే చాలు. ఏఎన్ స్టీలు బోల్టు తల మీద చిన్న కూడిక గుర్తో నక్షత్రమో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒక్క గీత ఉంటే తుప్పు పట్టని స్టీలు, రెండు గీతలుంటే అల్యూమినియం. గుడ్డ, రెజిన్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డను గట్టిపరిచే జిగురు), కలప, రేకు లాంటి ముడిసరుక్కీ ఇదే పద్ధతి, బ్యాచ్ నంబరుతో కన్ఫార్మిటీ సర్టిఫికెట్. ఫారం 1 కచ్చితంగా అడగాల్సింది ఆ గ్లైడర్ కోసమే గీసిన భాగాలకి, లాగే తాడు తగిలించే టో హుక్కుల్లాంటి పరికరాలకి.

మా వాడి బోల్టు ఇందులో ఏ రకం? తల మీద గుర్తు చూస్తే లేదు. పార్టు నంబరు మాన్యువల్లో చూస్తే అది ఆ కంపెనీ సొంత డ్రాయింగు. మర లేని సాదా భాగం పొడవు మామూలు బోల్టులకంటే ఎక్కువ. ఆ నున్నటి భాగమే ఫిట్టింగు రంధ్రంలో కూర్చుని భారం మోస్తుంది. మర భాగం రంధ్రంలోకి వచ్చిందంటే రంధ్రాన్ని రంపంలా తినేస్తుంది. స్టాండర్డ్ బోల్టు దీని బదులు పనికిరాదనడానికి ఆ కొద్ది మిల్లీమీటర్లే కారణం.

సొంతదారు తానే పార్టు చేయించుకునే వీలు అసలే లేదని కూడా అనలేం. అమెరికాలో విమానం సొంతదారు డ్రాయింగు ఇచ్చి, లేదా ముడిసరుకు ఇచ్చి, లేదా దగ్గరుండి నాణ్యత చూసుకుని, తన విమానం కోసమే పార్టు చేయించుకోవచ్చు. అయినా అది ఆమోదించిన డిజైన్‌కి సరిపోవాలి. యూరప్‌లో గ్లైడర్ల లాంటి చిన్న వాటికి, సొంతదారు రాతపూర్వకంగా బాధ్యత తీసుకుంటే ఫారం 1 లేకుండా కొన్ని పార్టులు వేసుకోనిస్తారు. దానికి షరతులున్నాయి. ఆ పార్టుకి ఇన్ని గంటలకి తీసెయ్యాలనే ఆయుర్దాయం ఉండకూడదు, అది ప్రధాన నిర్మాణంలో భాగం కాకూడదు, కంట్రోళ్లలో భాగం కాకూడదు. ఇది మంచి ఏర్పాటని నా అభిప్రాయం. సీటు వెనక పలకకీ తోక బోల్టుకీ ఒకే కొలబద్ద పెడితే జనం రెంటినీ దాటేయడం నేర్చుకుంటారు. కానీ ఆ సడలింపు కింద కూడా మా వాడి బోల్టు రాదు. తోక ఊడితే గ్లైడర్ లేదు. మన దేశంలోనైతే ఏ పార్టు విషయంలోనైనా, చేయించాక అనుమతి అడగడం కాకుండా, ముందే డీజీసీఏ ఎయిర్‌వర్దీనెస్ ఆఫీసుకి రాసి జవాబు చేతిలో పెట్టుకోవాలి.

కొయ్య గ్లైడర్ల కథ ఇంకో రకం. మన దేశంలో కట్టిన గ్లైడర్ల పేర్లు వింటే తెలుగువాళ్లకి సంతోషమేస్తుంది: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆరుద్ర. నక్షత్రాల వరస తప్పకుండా పెట్టారు. సివిల్ ఏవియేషన్ శాఖ సాంకేతిక కేంద్రంలో పుట్టిన ఈ వరసలో, రోహిణి 1961లో తొలిసారి ఎగిరింది. ఆరుద్రను ఎన్‌సీసీ కేడెట్ల కోసం హెచ్‌ఏఎల్ కట్టింది.

ఆ పేర్లే కొయ్య గ్లైడర్ కష్టాన్నీ చెబుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఆ ఎండకి హ్యాంగర్లో కలప తేమంతా పోయి బిగుసుకుంటుంది. వెంటనే మృగశిర, ఆరుద్ర. మా కోరాపుట్ కొండల మీద అప్పటినుంచి నెలల తరబడి ముసురే, అల్మరాలో తోలు చెప్పులకి బూజు పడుతుంది. కలప మళ్లీ ఉబ్బుతుంది. ఇలా ఏటా ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటే, ముందు లొంగేది కలప కాదు, రెండు ముక్కల మధ్య ఉన్న జిగురు. పాత గ్లైడర్లలో కేసీన్ జిగురు వాడారు, అది పాలు విరిగితే వచ్చే ముద్ద నుంచి చేసేది. తేమ తగిలితే దానికి బూజు పట్టి బలం పోతుంది. తరవాత వచ్చిన యూరియా జిగురు వేడికీ తేమకీ కలిపి దెబ్బతింటుంది. రెసార్సినాల్ జిగురు వచ్చాక నయమైంది. పైన గుడ్డా రంగూ నిగనిగలాడుతున్నా, లోపల రిబ్బు (రెక్కకి ఆకారమిచ్చే పక్కటెముక) మీద గోరు పెట్టి తీస్తే పలక లేచి వచ్చే పరిస్థితి ఉండొచ్చు.

ఇక్కడ పార్టు దొరకడమంటే కలప దొరకడం. మా చుట్టూ సాలు, టేకు అడవులు. టేకు తలుపు మూడు తరాలుంటుంది, అయినా గ్లైడర్ స్పారుకి (రెక్క పొడవునా ఉండే దూలానికి) పనికిరాదు. బరువెక్కువ, పైగా దానిలోని నూనె వల్ల జిగురు సరిగ్గా పట్టదు. కావాల్సింది స్ప్రూస్ అనే తేలికైన కలప. అమెరికా విమానయాన సంస్థ ప్రచురించిన ఏసీ 43.13 అనే మరమ్మతుల పత్రంలో ఆ కలపకి లెక్కలున్నాయి: పోగు వాలు పదిహేనింటికి ఒకటి మించకూడదు, అంటే పదిహేను అంగుళాల పొడవులో పోగు అంగుళం కంటే పక్కకి జరగకూడదు. అంగుళానికి కనీసం ఆరు ఎదుగుదల వలయాలుండాలి. తేమ ఎనిమిది నుంచి పన్నెండు శాతం మధ్య ఉండాలి. ఈ పరీక్షల్లో కొన్ని కంటితో, స్కేలుతో చేయగలిగినవే. అందుకే నాకు కొయ్య పని అంటే గౌరవం. స్టీలు రాడ్డు తన చరిత్ర దాచుకుంటుంది, కలప తన చరిత్రంతా ఒంటి మీదే రాసుకుని వస్తుంది.

పాత పార్టు తీసి కొత్తది వేయడం కంటే, ఉన్నదాన్ని ఆమోదించిన పద్ధతిలో రిపేరు చేయడమే చాలాసార్లు తేలిక. పలక విరిగితే కొత్త ముక్కను వాలుగా చెక్కి అతకడానికి పన్నెండింటికి ఒకటి వాలు అని ప్రమాణం ఉంది. ఫైబర్‌గ్లాస్‌కి ఏ గుడ్డ ఎన్ని పొరలు, ఏ రెజిన్, ఎంత వేడిలో ఎన్ని గంటలు ఆరబెట్టాలన్నది రిపేరు మాన్యువల్లోనే ఉంటుంది. అప్పుడు కావాల్సిన పూచీ ముడిసరుక్కి ఒకటి, చేసినవాడి లైసెన్సుది ఒకటి. రెండూ మన దేశంలోనే దొరకొచ్చు. రెజిన్ తెప్పించేటప్పుడు మాత్రం గడువు తేదీ చూసుకోవాలి. ఓడలో రెండు నెలలు, కస్టమ్స్‌లో మరికొన్ని వారాలు గడిచాక డబ్బా తెరిస్తే, మిగిలిన గడువు ఒక్క రెక్క పనికి కూడా చాలకపోవచ్చు.

పాత గ్లైడర్‌ను ముక్కలు చేసి పార్టులుగా అమ్మేవాళ్లున్నారు. చౌక, వెంటనే దొరుకుతాయి. కానీ ఆ గ్లైడర్ ఎందుకు ముక్కలైంది? నేలని గుద్దిందా, ఎన్ని గంటలు ఎగిరింది, లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరి దాకా ఉందా? చెకోస్లొవేకియాలో పుట్టిన బ్లానిక్ ఎల్-13 మొదట 1956లో ఎగిరింది. లోహపు గ్లైడర్, రెండువేల ఆరువందలకు పైగా కట్టారు, ఎన్నో దేశాల్లో కుర్రాళ్లు దాంట్లోనే ఎగరడం నేర్చారు. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒకటి గాల్లోనే రెక్క విరిగి పడిపోయింది. అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. రెక్క స్పారులో లోహం అలసిపోయి పగిలింది. ఆ తరవాత ఈయాసా అత్యవసర ఆదేశాలిచ్చి ఆ రకం గ్లైడర్లన్నిటినీ నేలకి దించేసింది. అవి బయటికి కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. కానీ ఏ రెక్క ఎన్ని విన్యాసాలు చేసింది, ఎన్నిసార్లు వించి లాగింది అన్న లెక్క చాలా చోట్ల లేదు. ఆ లెక్క లేకపోతే రెక్కలో ఇంకెంత ఆయుష్షు మిగిలిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. పాత గ్లైడర్ రెక్కలు కొనేవాళ్లు లోహంతో పాటు ఆ లెక్కనీ కొంటున్నారు. లెక్క లేదంటే సగం సరుకు లేనట్టే.

పార్టే నకిలీదైతే? అదీ జరిగింది. 1989 సెప్టెంబర్‌లో నార్వే నుంచి జర్మనీ వెళ్తున్న పార్ట్‌నెయిర్ విమానం డెన్మార్క్ తీరం దగ్గర సముద్రంలో కూలి 55 మంది చనిపోయారు. నిలువు తోకను పట్టి ఉంచే బోల్టుల్లో నకిలీవి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ఇది చెబితే మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి కవర్లో ఉన్నదీ తోక బోల్టే.

అందుకే ఫారం 1 రాగానే ఫైల్లో పెట్టేయకూడదు. దాని మీద ఉన్న సంస్థ అనుమతి నంబరు ఇప్పటికీ చెల్లుతోందో లేదో ఆ దేశపు జాబితాలో చూడాలి. పార్టు మీది నంబరూ కాగితం మీది నంబరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. మా వాడి క్లబ్బు ఇంతకు ముందు ఒక విదేశీ అమ్మకందారు దగ్గర కంట్రోలు కేబుళ్లు తెప్పించుకుంది. పార్సిల్లో ఇన్వాయిసు ఉంది, సర్టిఫికెట్ లేదు. తరవాత పంపుతామన్నారు, పంపలేదు. ఆ కేబుళ్లు ఇప్పటికీ హ్యాంగర్లో కొక్కేనికి వేలాడుతున్నాయట. డబ్బు కట్టే ముందే సర్టిఫికెట్ స్కాను ఈమెయిల్లో తెప్పించుకోవాలి, అసలు కాగితం పార్సిల్ లోపలే రావాలని ఆర్డర్లో రాయాలి. కస్టమ్స్ వివరాలు కూడా ముందే మాట్లాడుకోవాలి. కస్టమ్స్ పట్టికలో గ్లైడర్లు 8801 అనే కోడు కింద, వాటికే ప్రత్యేకమైన భాగాలు 8807 కింద వస్తాయి. స్టాండర్డ్ బోల్టు మాత్రం విమానానికి వెళ్తున్నా 7318 కిందే లెక్క.

మూడో రోజు పొద్దున నేనూ మా వాడూ కూర్చుని టైప్ సర్టిఫికెట్ ఉన్న సంస్థకి ఈమెయిల్ రాశాం. గ్లైడర్ రకం, సీరియల్ నంబరు, కట్టిన సంవత్సరం, మాన్యువల్లో పేజీ, పార్టు నంబరు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటోలు రెండు. 'మీ దగ్గర ఉందా' అని మాత్రమే అడగలేదు. 'ఈ నంబరు మారిందా, మారితే ఏ టెక్నికల్ నోట్ (మార్పులు తెలిపే కంపెనీ పత్రం) ప్రకారం' అని అడిగాం. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. ఆ బోల్టు పాత నంబరు రద్దయింది, దాని బదులు వేరే స్టీలుతో చేసిన కొత్తది వేయాలి, నోటు జతచేశాం అని. క్లబ్బు ఇన్ని నెలలుగా రద్దయిన నంబరు పట్టుకుని అందరినీ అడుగుతోందన్నమాట. జయపురం మిస్త్రీ ఆ పాత బోల్టు కొలతే తీసి ఉంటే, కంపెనీ వాళ్లే వద్దనుకున్న బోల్టుకి నకలు అయ్యేది.

కొత్తవి వచ్చేసరికి దసరా దాటింది. ఎడమ వైపు సంతకంతో ఫారం 1, నాలుగు బోల్టులు, నాలుగు నట్లు. మా వాడు ఫోటో పంపి, "పాతది నీ దగ్గరే ఉండిపోయింది మావయ్యా, జ్ఞాపకంగా ఉంచుకో" అని రాశాడు.

ఉంచుకోలేదు. జ్ఞాపకాలు ఇల్లు మారతాయి, డ్రాయర్లు మారతాయి, ఎర్ర ట్యాగు ఊడుతుంది, పదేళ్ల తరవాత ఎవరో 'విమానం బోల్టు, ఒరిజినల్' అని ఇంకెవరికో ఇస్తారు. తీసేసిన పార్టును మళ్లీ ఎవరూ వాడలేనట్టు పాడుచేయడం మా వృత్తిలో నియమం. మళ్లీ జయపురం వెళ్లి అదే మిస్త్రీ చేతికిచ్చాను. ఎందుకో చెబితే తలూపాడు. వైస్‌లో బిగించి, మర భాగాన్ని పైపైన గ్రైండర్ మీద అరగదీసి, హాక్సా పెట్టి నడిమికి రెండు ముక్కలు కోశాడు. కోసిన చోట లోహం తెల్లగా మెరిసింది. "మంచి స్టీలు బాబూ" అంటూ రెండు ముక్కల్నీ తుక్కు డబ్బాలో వేశాడు.